నల్ల గౌను ఎవరిచ్చిన ఖిలాతు?

న్యాయస్థానం మెట్లెక్కిన సామాన్యుడికి మొదట కనిపించేది చట్టం కాదు, దుస్తులు. ఎత్తయిన వేదిక మీద నల్లటి గౌను, మెడ కింద తెల్లటి పట్టీలు, వరండాలో హడావిడిగా తిరిగే నల్లకోట్లు, తలపాగా చుట్టి నడుముకు పట్టా కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ దఫేదారు. భరణం కోసమో, ఇంటి హద్దు తగాదా కోసమో, జైల్లో ఉన్న కొడుకు బెయిలు కోసమో పాతబస్తీ నుంచి వెళ్లిన తల్లికి ఆ దృశ్యం చూడగానే గొంతు తడారిపోతుంది. ఇంట్లో పదిసార్లు చెప్పుకున్న మాట అక్కడ నోట రాదు. అధికారం నోరు విప్పి తన మాట చెప్పకముందే దుస్తులు ఆ మాట చెప్పేస్తాయి.

ఆ దుస్తులు ఎవరివి, ఎవరి తరఫున మాట్లాడతాయి అన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపించవచ్చు. కానీ తలమీద స్కార్ఫ్ కప్పుకున్న అమ్మాయికి తరగతి గదిలో, పరీక్ష హాలులో, రేపు న్యాయస్థానంలో చోటుందా లేదా అన్న చర్చ దేశమంతటా నడుస్తున్న రోజులివి. అధికారిక వస్త్రానికీ మనిషి మనస్సాక్షికీ మధ్య వచ్చిన ఈ వివాదం మన నగరానికి కొత్త కాదు. 160 ఏళ్ల క్రితం ఇదే హైదరాబాదులో, శాలిబండకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్న ఖిల్వత్ మహలు పాలకుడి విషయంలోనే అది తలెత్తింది. ఆ చరిత్ర తెలుసుకుంటే నేటి వాదన ఎక్కడ సరైనదో, ఎక్కడ దారి తప్పుతోందో తేలికగా అర్థమవుతుంది.

తొడిగినవాడి మనిషి

ఖిలాతు అనే మాట తెలుగువారికి పరాయిది కాదు. పాత దస్తావేజుల్లో, సంస్థానాల కథల్లో తరచు వినిపిస్తుంది. సన్మాన సభల్లో ఈనాటికీ కప్పే శాలువా దానికి దగ్గరి చుట్టమే. అరబ్బీలో దాని ధాతువుకు ‘విప్పడం’ అని అర్థం. పెద్దవాడు తన ఒంటిమీది వస్త్రాన్ని విప్పి ఎదుటివాడికి తొడగడం అన్నమాట. క్షమాభిక్ష కోరి వచ్చిన కవి కఅబ్ ఇబ్న్ జుహైర్ తన కవిత వినిపించినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) తన పైవస్త్రాన్ని ఆయనకు కప్పిన వృత్తాంతం మన ఇళ్లలో తెలిసినదే. అక్కడ ఆ వస్త్రం అభయానికి గుర్తు. అది కప్పుకున్నవాడికి ఇక ఎవరి భయమూ లేదు.

తరువాత వచ్చిన రాజ్యాలు ఈ ఆచారాన్ని దర్బారు వ్యవహారంగా మార్చాయి. అబ్బాసీ ఖలీఫాలు నలుపును తమ ప్రభుత్వ వర్ణంగా చేసుకున్నారు. పాలకుడి పేరును వస్త్రపు పట్టీలో నేయించే ‘తిరాజ్’ పద్ధతి నడిచింది. ఖుత్బాలో పేరు, నాణెం మీద పేరు, వస్త్రం మీద పేరు ఉన్నవాడే సార్వభౌముడని లోకం గుర్తించేది. మొగలుల కాలానికి ఖిలాతు తల నుంచి పాదం దాకా పూర్తి వస్త్ర సముదాయమైంది. దానిని తొడిగించుకున్నవాడు వంగి సలాము చేసి, బదులుగా నజరు సమర్పించుకోవాలి. దీనితో ఆ లావాదేవీ అర్థం స్పష్టమవుతుంది. ఎవడి వస్త్రం తొడుక్కుంటే వాడి మనిషివి. సుబేదారు పదవి అయినా, ఖాజీ పదవి అయినా వస్త్రం రూపంలోనే ఒంటిమీదికి వచ్చేది.

ఈ అర్థాన్ని బాగా ఎరిగినందుకే మన మహా న్యాయకోవిదుల్లో ఒకరు ఆ వస్త్రానికి దూరంగా ఉండిపోయారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వర్తకులు. వస్త్రం విలువ ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపితే ఆయన తిరస్కరించారనీ, చెరసాల అనుభవించారనీ చరిత్రకారులు రాశారు. ఆయన ప్రియశిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ పదవిని స్వీకరించారు. పండితులకు ప్రత్యేకమైన దుస్తులు ఏర్పడింది ఆయన కాలంలోనేనని ప్రసిద్ధి. గురువు నిరాకరణలోనూ శిష్యుడి అంగీకారంలోనూ ఉన్న భయం ఒకటే: నేను ఈ వస్త్రం తొడుక్కుంటే నా తీర్పు నాదిగా ఉంటుందా, తొడిగినవాడిది అవుతుందా? న్యాయమూర్తి దుస్తుల గురించి ఇంతకంటే లోతైన ప్రశ్న ఈనాటికీ లేదు.

మన నగరం ధరించినవి

శాలిబండ పరిసరాలు ఈ చరిత్రను ఇటుక ఇటుకలో దాచుకున్నాయి. ఒక పక్క 1904 నాటి గడియార స్తంభం, దానితో పేరు ముడిపడిన రాజా రాయ్ రాయన్ వంశపు దేవిడీ. మరో పక్క రెండుసార్లు రాజ్యపు ప్రధాన పదవిని నిర్వహించిన మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ. కొంచెం దూరంలో చౌమహల్లా. అటు పురానీ హవేలీలో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం చేయించిన బీరువా ఈనాటికీ ఉంది. సుమారు 176 అడుగుల పొడవు, రెండు అంతస్తులు. పర్యాటకులు దాన్ని చూసి నోరు వెళ్లబెడతారు. ఆ పురానీ హవేలీ ప్రాంతంలోనే న్యాయస్థానాలూ నడిచాయి. కుటుంబ వివాదాలతో మన ఆడబిడ్డలు మెట్లెక్కింది అక్కడే. రాజు బట్టల బీరువా, బీదరాలి భరణం కేసు పక్కపక్కనే ఉన్న చోటు అది.

నిజాం దర్బారు దుస్తుల గురించి ఒక మంచి మాట తప్పక చెప్పాలి. దస్తారు, షేర్వానీ, నడుముకు బగ్లూసు అనే ఆ వేషం మతానికి సంబంధించినది కాదు, హోదాకు సంబంధించినది. కిషన్ పర్షాద్ ధరించినదీ, ఆయన పక్కన కూర్చున్న ముస్లిం నవాబు ధరించినదీ ఒకటే. అలాగే ఒక కఠినమైన మాట కూడా చెప్పుకోవాలి. ఆ వేషం పెద్దలందరిదీ అయింది గాని ప్రజలందరిదీ కాలేదు. తెలంగాణ రైతుకు న్యాయస్థానపు దుస్తులే కాదు, న్యాయస్థానపు భాష కూడా పరాయిదే. 1880ల నుంచి ఉర్దూ అధికార భాష. తన పొలం గురించి ఏం రాశారో తానే చదువుకోలేని స్థితి తెలుగు రైతుది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో హైకోర్టు వకీలు ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తన భాషకూ తన రూపానికీ చోటు లేని అధికారాన్ని మనిషి ఎప్పుడూ తనదిగా భావించడు. ఈనాడు మన విషయంలో న్యాయం కోరుతున్న మనం, ఆనాటి తెలుగువారి ఆవేదననూ అంతే నిజాయితీతో గుర్తించాలి.

అదే కాలంలో జరిగిన మంచినీ మరువరాదు. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. మరుసటి ఏడాది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేశారు. తొడిగినవాడి చేతి నుంచి న్యాయమూర్తి చేతిని విడిపించే దిశలో అది పెద్ద అడుగు.

1861: హైదరాబాదు అభ్యంతరం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1858 జనవరి 27న ఢిల్లీ ఎర్రకోటలో ఒక విచారణ మొదలైంది. ఏ దివానె ఖాస్‌లో మొగలు చక్రవర్తులు దర్బారు తీరారో, అదే దివానె ఖాస్‌లో చివరి చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను ముద్దాయిగా నిలబెట్టి, సైనిక దుస్తుల్లోని ఆంగ్ల అధికారులు విచారించారు. ఆయనను రంగూన్ పంపేశారు. హైదరాబాదు నాణెం మీద నుంచి మొగలు చక్రవర్తి పేరు తొలగిపోయింది. ఇక వస్త్రం ఇచ్చే చేయి మారింది.

1861లో విక్టోరియా మహారాణి పేరిట ‘స్టార్ ఆఫ్ ఇండియా’ అనే బిరుదును నెలకొల్పారు. దానితోపాటు ధరించవలసిన లేత నీలం శాటిన్ అంగవస్త్రం, తెల్లటి పట్టు అస్తరు, మహారాణి ముఖచిత్రం గల పతకం నిర్ణయించారు. మొదటి విడతలో బిరుదు పొందిన సంస్థానాధీశుల్లో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఒకరు. ఆయన తరఫున ప్రధాని మొదటి సాలార్‌జంగ్ బ్రిటిష్ రెసిడెంటుకు కొన్ని అభ్యంతరాలు తెలియజేశారు. ఈ దేశంలో పాలకులు తమ పూర్వీకుల దుస్తులు విడిచి పరాయి దుస్తులు ధరించరు, ధరిస్తే జనం నవ్వుతారు అన్నది మొదటిది. పట్టు వంటి వస్త్రం ముస్లిం పురుషుడికి ధర్మసమ్మతం కాదన్నది రెండోది. ప్రాణి రూపమున్న చిత్రాన్ని ఒంటిమీద ధరించడం విశ్వాసానికి విరుద్ధమన్నది మూడోది.

బిరుదు వద్దని నిజాం అనలేదు. మహారాణి పట్ల అవిధేయత చూపలేదు. 1857లో బ్రిటిషువారి పక్షాన నిలిచిన రాజ్యం అది. ఆయన కోరినదల్లా ఆ గౌరవాన్ని తన విశ్వాసంతో తగువు లేని రూపంలో స్వీకరించడానికి వీలు కల్పించమని మాత్రమే. వైస్రాయ్ క్యానింగ్ ప్రభుత్వానికి ఆ మాట నచ్చలేదు. వస్త్రం, పతకం బిరుదులో భాగమేననీ, వాటిని విడదీయడం కుదరదనీ అటువైపు వైఖరి. కోటి మందిని ఏలే పాలకుడి మాటే చెల్లనప్పుడు సామాన్యుడి మాట ఎవరు విన్నారు? ఖిలాతు విషయంలో సామ్రాజ్యాలన్నీ చేసే పని ఇదే. ఇచ్చేది గౌరవమే, కానీ తీసుకునేవాడి మనస్సాక్షి దర్బారు బయట ఆగిపోవాలి.

ఆంగ్ల పాలన దుస్తులతో మరో వింత కూడా చేసింది. పూర్వం అమీరులు ధరించిన తలపాగా, నడుము పట్టా క్రమంగా దఫేదారుకూ బిళ్లబంట్రోతుకూ దిగివచ్చాయి. నిన్నటి పాలకుల వేషం నేటి పాలకుల సేవకుడి మీదికి చేరింది. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు గుమాస్తాగా పనిచేసిన నేను ఆ పట్టాలను రోజూ చూశాను. అధికారి గది ముందు గంటల తరబడి నిలబడిన ఆ పెద్దమనిషి తలపాగా వెనుక ఎంత చరిత్ర ఉందో చాలా కాలం ఎవరమూ ఆలోచించలేదు.

గాంధీజీ తలపాగా

ఇలాంటి పరీక్ష గాంధీజీకి కూడా ఎదురైంది. 1893లో దాదా అబ్దుల్లా అనే ముస్లిం వర్తకుడి వ్యాజ్యం పని మీద దక్షిణాఫ్రికా వెళ్లిన ఆ యువ బారిస్టరు డర్బన్ న్యాయస్థానంలో తలపాగాతో కూర్చున్నారు. మేజిస్ట్రేటు తీసేయమన్నాడు. గాంధీజీ తీయలేదు, లేచి బయటికి నడిచారు. ముస్లిం వేషంలో ఉన్నవారు తలపాగా ఉంచుకోవచ్చు, మిగిలిన భారతీయులు మాత్రం తీయాలి అన్నది అక్కడి ఆచారం. ఆ వివక్షను ఆయన సహించలేదు. టోపీ పెట్టుకుంటే పోతుందిగా అని కూడా ఆలోచించారు. వద్దన్నది దాదా అబ్దుల్లాయే. తల మీది తలపాగా వదిలేస్తే మిగతా భారతీయుల పోరాటం ఏం కావాలన్నది ఆయన బాధ. తనకు వెసులుబాటు ఉన్నా, లేనివాడి పక్షాన నిలబడ్డ ముస్లిం ఆయన.

మరుసటి ఏడాది నాటాల్ ఉన్నత న్యాయస్థానంలో న్యాయవాదిగా ప్రమాణం చేసిన రోజున ప్రధాన న్యాయమూర్తి మళ్లీ తలపాగా తీయమన్నప్పుడు గాంధీజీ తీసేశారు. పెద్ద పోరాటాల కోసం శక్తిని దాచుకోవాలని భావించారు. అబ్దుల్లాకు అది నచ్చలేదు. ఎక్కడ పట్టుబట్టాలి, ఎక్కడ సర్దుకోవాలి అన్నది ఎవరి అంతరాత్మ వారికి చెప్పవలసిన విషయమని ఈ రెండు ఘటనలూ కలిసి చెబుతాయి. అయితే సర్దుకోవాలా వద్దా అన్న నిర్ణయం ధరించేవాడిది కావాలి గాని, బలవంతపెట్టేవాడిది కాకూడదు.

గణతంత్రం తొడిగిన వస్త్రం

స్వాతంత్ర్యం వచ్చింది, కిరీటం పోయింది, గౌను మాత్రం మిగిలింది. కానీ దాని అర్థం మారింది. ఇప్పుడు ఆ వస్త్రం ఇచ్చేది మహారాణి కాదు, వైస్రాయ్ కాదు, నిజాం కాదు. ‘భారత ప్రజలమైన మేము’ అని ప్రారంభమయ్యే రాజ్యాంగం ఇస్తోంది. ఖిలాతు పాత సూత్రం ప్రకారమే చూసినా, నల్ల గౌను ధరించినవాడు ప్రజల మనిషి. ఆ ప్రజల్లో మనమూ ఉన్నాం. కాబట్టి ఆ గౌను దయతో ఎవరో మనకు తొడిగేది కాదు, మన వంతుగా మనకు రావలసింది.

దుస్తుల విషయంలో గణతంత్రం సామ్రాజ్యం కంటే విశాలంగానే ఆలోచించింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు చదివితే ఈ సంగతి తెలుస్తుంది. న్యాయవాది నల్ల కోటే వేసుకోవాలని అవి అనవు. చప్కన్, అచ్కన్, నల్ల షేర్వానీ కూడా ధరించవచ్చు, వాటిపై తెల్లని పట్టీలు, గౌను. మన తాతలు పెళ్లికీ పండుగకూ ధరించిన షేర్వానీ దేశంలోని ప్రతి న్యాయస్థానంలో చెల్లుతుంది. మహిళా న్యాయవాదులకు చీరతోపాటు సల్వార్ కమీజు కూడా, దుపట్టాతోగాని దుపట్టా లేకుండాగాని, అనుమతించారు. సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా చోట్ల గౌను కూడా ఐచ్ఛికమే. రంగు, గౌరవం, గుర్తింపు ఒకటిగా ఉంటే చాలు, రూపం ఒకటే కానక్కర్లేదన్న వివేకం ఆ నిబంధనల్లో ఉంది. 2006లో అదే కౌన్సిల్ ‘మై లార్డ్’ వంటి సంబోధనల స్థానంలో మామూలు గౌరవవాచకాలు చాలునని కూడా నిర్ణయించింది.

న్యాయస్థానాలూ అనేక సందర్భాల్లో ఈ వివేకాన్నే చూపాయి. 1985లో కేరళకు చెందిన ముగ్గురు క్రైస్తవ విద్యార్థులు తమ విశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడితే పాఠశాల బయటికి పంపింది. వారిని తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. సహనమే మన సంప్రదాయమనీ, మన రాజ్యాంగమనీ ఆ తీర్పు సారాంశం. సిక్కు సోదరులకు తలపాగా ఉంటే హెల్మెట్ నుంచి మినహాయింపు మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2016లో కేరళ హైకోర్టు వైద్య ప్రవేశ పరీక్షకు హిజాబ్‌తో వచ్చే అమ్మాయిలను అనుమతించింది. అరగంట ముందుగా వచ్చి, మహిళా సిబ్బంది చేత తనిఖీ చేయించుకుంటే చాలునంది. పరీక్ష పవిత్రతా నిలిచింది, అమ్మాయి విశ్వాసమూ నిలిచింది.

కర్ణాటక వ్యవహారం ఇందుకు భిన్నంగా నడిచింది. 2022 మార్చి 15న అక్కడి హైకోర్టు విద్యాసంస్థల్లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మధ్య అభిప్రాయం చీలింది. యూనిఫారం విద్యార్థుల మధ్య సమానత్వాన్ని పెంచుతుందని జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించారు. ఇంటి నుంచి బడి దాకా రావడమే కష్టమైన ఆడపిల్లకు మరో అడ్డంకి పెడతామా అన్న దృష్టితో జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని తోసిపుచ్చారు. విషయం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది.

యూనిఫారం సమానత్వం కోసమేనన్న వాదనను మనం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పేద పిల్లవాడి చిరిగిన చొక్కాను యూనిఫారం దాస్తుంది. ఆ మేలు మన పిల్లలూ పొందారు. కానీ యూనిఫారం రంగులోనే ఉన్న తలగుడ్డ ఎవరి సమానత్వాన్ని హరించింది? ఎవరి చదువుకు భంగం కలిగించింది? సమానత్వం పేరిట తరగతి గది నుంచి ఒక అమ్మాయి బయటికి వెళ్లిపోవలసి వస్తే ఆ సమానత్వం ఎవరికి దక్కింది? 1861లో వైస్రాయ్ పట్టుబట్టింది కూడా ఇటువంటి ఏకరూపం మీదనే. గణతంత్రం అతని దారిలో నడవకూడదు.

అదే సమయంలో మనవైపు వాదనలోనూ విచక్షణ ఉండాలి. 2024లో జమ్మూ కాశ్మీర్, లడఖ్ హైకోర్టులో ముఖం పూర్తిగా కప్పుకుని న్యాయవాదిగా హాజరైన ఒక మహిళను, ఆమె ఎవరో గుర్తించడం సాధ్యం కాదన్న కారణంతో న్యాయస్థానం అనుమతించలేదు. వాదించేది ఎవరో తెలియాలన్న అవసరం న్యాయమైనదే. దాన్ని మతంపై దాడిగా చిత్రించడం తప్పు. తలగుడ్డ విషయం వేరు. అందులో ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, గుర్తింపు తెలుస్తుంది. విగ్గులూ గౌన్లూ పుట్టిన ఇంగ్లండులోనే 2020లో హిజాబ్ ధరించే రాఫియా అర్షద్ న్యాయమూర్తిగా నియమితురాలైంది. అక్కడ కూలిపోని న్యాయస్థాన గౌరవం ఇక్కడ ఎందుకు కూలుతుంది?

మన దుస్తులకూ జవాబుదారీ

ఇతరుల వస్త్రాన్ని ప్రశ్నించేవారు తమ వస్త్రాన్నీ ప్రశ్నకు నిలబెట్టాలి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వృత్తాంతం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నదే. అందరికీ ఒక్కొక్క వస్త్రమే పంపకంలో వచ్చినప్పుడు మీ ఒంటిమీద రెండు ఎలా వచ్చాయని సభలో ఒకరు ఖలీఫానే నిలదీశారు. ఉమర్ (రజి) కోపగించుకోలేదు. కుమారుడు అబ్దుల్లా లేచి తన వాటాను తండ్రికి ఇచ్చానని చెప్పాకే మాట ముందుకు సాగింది. అధికారి ఒంటిమీది గుడ్డకు లెక్క అడిగే హక్కు సామాన్యుడికి ఇచ్చిన సంప్రదాయం మనది.

ఆ సంప్రదాయాన్ని మన బస్తీల్లో మనం నిలుపుకుంటున్నామా? జుబ్బా, తలపాగా ధరించి కూర్చున్న ప్రతివారి మాటనూ న్యాయస్థానపు తీర్పుగా భావించే అమాయకత్వం ఇంకా ఉంది. 1880 నాటి ఖాజీల చట్టం ప్రకారం ప్రభుత్వం ఖాజీలను నియమిస్తుంది గాని, ఆ చట్టం వారికి న్యాయాధికారం ఏదీ ఇవ్వలేదు. నిఖా జరిపించడం, సియాహాలో నమోదు చేయడం వారి బాధ్యత. ఆ సియాహాలో పెళ్లికూతురు వయసు తప్పుగా రాస్తే అది కాగితం మీది పొరపాటు కాదు, ఒక పసిబిడ్డ బతుకు మీద చేసిన నేరం. డబ్బున్న విదేశీయులకు బాలికలను అంటగట్టిన ఉదంతాల్లో పాతబస్తీ పేరు ఎన్నిసార్లు పత్రికలకెక్కిందో మనకు తెలుసు. ఆ మచ్చకు బాధ్యులైన కొద్దిమందిని వారి వేషం చూసి కాపాడటం ధర్మం కాదు. నిజాయితీగా పనిచేసే ఖాజీలకే అది అవమానం.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా విషయంలో ఇచ్చిన తీర్పును మన ప్రతి ఇంట్లో చదవాలి. ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉందనీ, భర్త నిరాకరణతో అది ఆగదనీ, ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా మాత్రమేననీ న్యాయస్థానం చెప్పింది. షరీఅత్ స్త్రీకి ఇచ్చిన హక్కునే న్యాయస్థానం చెప్పినప్పుడు మనం సంకోచించవలసినది ఏముంది? ఆ నల్ల గౌను ఈ విషయంలో మన ఆడబిడ్డకు నిజంగానే అభయమిచ్చిన పైవస్త్రమైంది.

చేయవలసిన పనులు

అడగవలసినవి కొన్ని, చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ముందుగా అడగవలసినవి.

నిబంధనల్లో షేర్వానీకీ సల్వారుకూ స్పష్టంగా చోటిచ్చిన బార్ కౌన్సిల్, నలుపు లేదా తెలుపు రంగు తలగుడ్డ విషయంలోనూ అదే స్పష్టత ఇవ్వాలి. మౌనం ఉన్నచోట ఒక్కో గదిలో ఒక్కో న్యాయం నడుస్తుంది. రాష్ట్రంలో ప్రవేశ పరీక్షలు, ఉద్యోగ పరీక్షలు నిర్వహించే సంస్థలు ముందస్తు తనిఖీ పద్ధతిని లిఖితపూర్వకంగా ప్రకటించాలి. పరీక్ష రోజు ఉదయం గేటు దగ్గర కన్నీళ్లతో వాదించే దుస్థితి ఏ అమ్మాయికీ రాకూడదు. కుటుంబ న్యాయస్థానాల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ దారి చూపే సహాయ కేంద్రం ఉండాలి.

ఇక మనం చేయవలసినవి. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. ఈ ఒక్క సంగతి తెలియక నగలు తాకట్టుపెట్టి దళారుల చేతిలో పోసినవారు మన వీధుల్లో ఎందరో. ఈ నంబరును ప్రతి మసీదు నోటీసు బోర్డు మీద రాయించడానికి ఒక్క సుద్దముక్క చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ గౌనులోకి మన బిడ్డలు రావడం. న్యాయస్థానంలో తనవాడొకడు కనిపిస్తే సగం భయం పోతుంది. జస్టిస్ హిదాయతుల్లా 1968లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయినది జస్టిస్ ఫాతిమా బీవీ. ఆ పీఠం మనకు మూసి లేదు, మనమే మెట్లు ఎక్కడం తగ్గించాం. ఇంటర్ పూర్తయిన పిల్లకు సంబంధం చూసేముందు ఒక్కసారి లాసెట్ దరఖాస్తు చూడండి. శామీర్‌పేటలో నల్సార్ ఉంది, ఉస్మానియాలో న్యాయ కళాశాల ఉంది. చదువు ముగిశాక జూనియర్‌గా చేరిన మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నామమాత్రం. పేదింటి పిల్లలు ఆ దశలోనే వృత్తి వదిలేస్తున్నారు. అర్హులైన అటువంటివారికి జకాత్ నిధి నుంచి పుస్తకాలకూ బస్సు ఛార్జీలకూ నెలనెలా కొంత ఇవ్వగల కమిటీలు మన బస్తీల్లో లేకపోలేదు. విందుల ఖర్చులో పదో వంతు చాలు, ఒక గౌను కుట్టించవచ్చు.

ఆ గౌను ధరించిన మన బిడ్డ కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వస్త్రం తన వంశానిది కాదు, తన సముదాయానిది కూడా కాదు, రాజ్యాంగానిది. ఎదుట నిలబడ్డవాడు హిందువైనా ముస్లిమైనా, నాస్తికుడైనా, దళితుడైనా వారి భయం పోగొట్టేదిగా ఆ గౌను ఉండాలి. ఇమామ్ అబూ హనీఫా భయపడిన ప్రశ్నకు అప్పుడే సమాధానం దొరుకుతుంది. మనస్సాక్షిని బయట వదిలి ఎవరూ లోపలికి రానక్కర్లేని న్యాయస్థానం కోసం మనం నిలబడదాం, అందులో నిష్పక్షపాతంగా నిలబడే బిడ్డలను పెంచుదాం. సత్యం పలికే ధైర్యాన్నీ, తమవారికి వ్యతిరేకంగానైనా న్యాయం చెప్పే శక్తినీ అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక!